నీడన ఆరిన మక్కు

ఆ ఏడు కార్తీక శుద్ధ విదియ, గురువారం నాడు, పగలు సరిగ్గా పదకొండు గంటలకు, ఏలూరు కాలువ గట్టు మీద కలప కోతమిల్లు నడిపే సాంబమూర్తి భార్య సీతారత్నం, ఏదీ ఆరేదాకా ఆగలేని తొందర మనిషి, తమ్ముడు తెచ్చిన ఏనుగు బొమ్మను పట్టుకెళ్ళి మిల్లు రేకుల కప్పు మీద ఎండలో పెట్టింది.

కార్తీక విదియ అంటే భగినీ హస్త భోజనం రోజు. ఆ రోజు అన్నదమ్ములు అక్కచెల్లెళ్ళ ఇంటికి వచ్చి వాళ్ళ చేతి వంట తినాలి. సీతారత్నానికి ఉన్నది ఒక్కడే తమ్ముడు, భావనారాయణ. తల్లి లేని పిల్లవాణ్ణి తన చేతులతో పెంచింది. వాళ్ళది కొండపల్లి. తండ్రి తెల్ల పొనికి కర్రతో బొమ్మలు చేసేవాడు. ఆయన పోయాక ఆ ఉలి భావనారాయణ చేతికి వచ్చింది.

ఆ రోజు అతను తెచ్చింది అంబారీ ఏనుగు. కాళ్ళు, తొండం, అంబారీ వేటికవి చెక్కి, మక్కుతో అతికించాడు. సన్నటి చెక్కపొడిని చింతగింజల జిగురుతో కలిపి నూరిన ముద్దను వాళ్ళు మక్కు అంటారు. మక్కు ఇంకా తడిగానే ఉంది. నీడన దాన్ని నెమ్మదిగా ఆరనిచ్చి, అక్క ఇంట్లోనే రెండు రోజులు ఉండి రంగులు వేసి, ఏలూరులో పెళ్ళివారికి ఇచ్చి వెళ్ళాలని అతని ఆలోచన.

సీతారత్నం ఆలోచన వేరు. సాయంత్రం పేరంటానికి అమ్మలక్కలు వస్తారు. వాళ్ళకు తమ్ముడి ఏనుగును రంగులతో చూపించాలి. ఇది ఆమెకు కొత్త కాదు. తడి జుట్టుకే జడ వేసేసేది. సగం ఎండిన వడియాలను డబ్బాకెత్తేసేది. "మా కోడలి వడియాలకు బూజు పట్టని ఏడు ఇంతవరకూ రాలేదు" అని అత్తగారు మాణిక్యమ్మ వీధంతా చెప్పి నవ్వించేది.

భావనారాయణ ఆకు ముందు కూర్చున్నాడు. సీతారత్నం కందిపచ్చడి వేసి నెయ్యి వడ్డించింది. అతను మొదటి ముద్ద కలుపుతుండగా కప్పు మీద టక్కుమని చప్పుడైంది. సాంబమూర్తి నిచ్చెనెక్కి బొమ్మను దించాడు. తొండం ఊడి చేతిలోకి వచ్చింది. అంబారీ అడుగున వెంట్రుకంత సన్నగా మొదలైన పగులు ఏనుగు వీపంతా పాకింది.

"ఎండలో పెట్టావా అక్కా?" అన్నాడు భావనారాయణ.

సీతారత్నానికి తప్పు తనదని తెలుసు. కానీ పక్కింటివాళ్ళు గుమ్మంలో నిలబడి చూస్తున్నారు. నోరు జారింది.

"ఆ కాస్త ఎండకే పగిలే మక్కు ఏం మక్కురా? నాన్న మక్కైతే రాయిలా నిలబడేది" అంది.

భావనారాయణ కలిపిన ముద్దను ఆకులోనే వదిలి, చెయ్యి కడుక్కుని, విరిగిన ఏనుగును తువ్వాల్లో చుట్టుకున్నాడు.

"ఒరేయ్, ముద్ద కలిపి లేవకూడదురా! ఆగరా!" అని సీతారత్నం కాలువ వంతెనదాకా పరిగెత్తింది. బస్సు వెళ్ళిపోయింది.

అప్పటినుంచి అతని దగ్గర్నుంచి కబురు లేదు. విజయవాడ నుంచి వచ్చే బస్సు వంతెన మీద హారన్ కొట్టినప్పుడల్లా ఆమె చేతిలో పని ఆగేది. దిగినవాళ్ళ నడకలు గట్టు మీద వినిపించేవి. అందులో తమ్ముడి నడక ఉందేమోనని చెవి ఒగ్గేది. ఉండేది కాదు. సాయంత్రం తులసి దగ్గర దీపం పెట్టి, "తల్లీ, వాడు వచ్చి ఆ ముద్ద తిని వెళ్ళేలా చూడు. నాకు ఇంకేమీ వద్దు" అని దండం పెట్టుకునేది.

మార్గశిరంలో ఒకనాడు బొమ్మలమ్మే సైదమ్మ వచ్చింది. కొండపల్లిలో బొమ్మలు తీసుకుని ఊళ్ళు తిరిగి అమ్ముకునే మనిషి ఆమె. గంప దించి, మంచినీళ్ళు తాగి, గొంతు తగ్గించింది.

"రత్నమ్మా, మీ తమ్ముడు ఉలి పక్కన పెట్టేసేలా ఉన్నాడమ్మా."

"అదేమిటి సైదమ్మా?"

"పొనికి కర్ర దొరకడం గగనమైపోయింది. కర్ర లేకపోతే దాని పొట్టు మాత్రం ఎక్కడిది? బయటినుంచి తెచ్చే పొట్టు ముతకగా ఉంటోంది, అన్ని కర్రలూ కలిసిపోయి. మక్కు పట్టడం లేదు. చేసిన బొమ్మ చేసినట్టే విచ్చిపోతోంది. వచ్చే కార్తీకం వెళ్ళేదాకా చూస్తాడంట. అప్పటికీ కుదరకపోతే సిమెంటు కంపెనీలో పనికి పోతానన్నాడు. నేను చెప్పానని చెప్పకు."

సీతారత్నం పెరటి వైపు చూసింది. అక్కడ మిల్లు వెనకాల రంపపు పొట్టు ఇంటి కప్పంత ఎత్తు గుట్టగా పడి ఉంది. ఏటా సాంబమూర్తి దాన్ని ఇటుక బట్టీలకు తోలించేవాడు. మిగిలింది గాలికి లేచి వంటల్లో పడుతోందని మాణిక్యమ్మ తిట్టిపోసేది.

ఆ సాయంత్రమే సీతారత్నం కొంగు ముక్కుకు కట్టుకుని గుట్ట దగ్గర కూర్చుంది. చేతికి అందిన పొట్టును ఎత్తింది. టేకుది, తుమ్మది, వేపది అని చూడలేదు. తెల్లారగానే డాబా మీద ఎండలో పోసింది. మధ్యాహ్నానికి పైపైన ఎండింది. రోట్లో నాలుగు పోట్లు వేసి, పిండిజల్లెడలో ఒక్కసారి జల్లించింది. సాయంత్రానికల్లా సంచి నింపి, కొండపల్లి తిరిగి వెళ్తున్న సైదమ్మ చేతికి ఇచ్చేసింది.

"అప్పుడే అయిపోయిందా?" అన్నాడు సాంబమూర్తి ఆశ్చర్యంగా.

"అయిపోయిందండీ. వాడికి ఆలస్యమైపోకూడదు కదా."

పుష్యమాసంలో ఆ సంచి తిరిగి వచ్చింది. సగం ఖాళీ అయింది. పైన చిన్న చిలక బొమ్మ ఒకటి ఉంది. దాని రెక్క అతుకు దగ్గర విచ్చుకుని ఉంది. తెల్లటి పొట్ట మీద గోధుమరంగు మరక. పొట్టులో కలిసిన టేకు నూనె రంగులోంచి పైకి తేలింది. సంచితో పాటు ఒక్క మాట కూడా రాలేదు.

మాణిక్యమ్మ చిలకను చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పింది. "ఇంతకాలం వడియాలొక్కటే అనుకున్నాను. ఇప్పుడు చిలకకు కూడా బూజు పట్టించావా అమ్మాయ్?" అంది. కోడలి కళ్ళు చూసి మళ్ళీ నెమ్మదిగా, "పిచ్చిదానా, సగం సంచి వాడాడంటే నువ్వు పంపినదాన్ని పారెయ్యలేదన్నమాటేగా. కలిపి చూశాడు. ఏడవకు" అంది.

సీతారత్నం ఆ చిలకను దేవుడి గూట్లో పెట్టుకుంది. రోజూ దీపం పెట్టేటప్పుడు దాని విచ్చిన రెక్క కనిపించేది. చూసినప్పుడల్లా తండ్రి అరుగు గుర్తుకొచ్చేది. పొట్టు తెచ్చిన రోజున ఆయన ముందు పిడికిట్లోకి తీసుకుని వాసన చూసేవాడు. మెత్తటి తెల్ల కర్రదే ఉంచేవాడు. లోపలి గదిలో చాప మీద పలచగా పరిచి, తలుపు ఓరగా వేసేవాడు. "నాన్నా, ఎండలో పోస్తే ఒక్క పూటలో ఎండిపోతుంది కదా" అని తనే అడిగేది. "పైన ఎండుతుంది తల్లీ, లోపల ఎండదు" అనేవాడు ఆయన. ఆ మాట అప్పుడు చెవికెక్కలేదు. చిన్న భావనారాయణ మాత్రం పొట్టు సంచి మీద తల పెట్టుకుని అక్కడే నిద్రపోయేవాడు. లేచేసరికి వాడి జుట్టంతా తెల్లగా ఉండేది. తనే దులిపి నూనె రాసేది.

చైత్రం వచ్చింది. నూజివీడు మామిడితోటలవాళ్ళు పళ్ళ పెట్టెల కోసం మిల్లుకు పెద్దమాను దుంగలు తోలించారు. పెద్దమాను తెల్లటి, మెత్తటి కర్ర. సీతారత్నం మొగుడి ముందు నిలబడింది.

"ఏవండీ, పొద్దున్నే ముందు పెద్దమానే కొయ్యించండి. టేకు తరవాత కొయ్యండి. కొయ్యబోయే ముందు రంపం బల్ల శుభ్రంగా తుడిపించండి. కింద నేను గోనె పరుస్తాను."

"మిల్లు నాదా, నీదా?" అన్నాడు సాంబమూర్తి.

"మీదే. గోనె నాది."

సాంబమూర్తి నవ్వి ఊరుకున్నాడు. మర్నాడు బల్ల తనే తుడిచాడు.

పచ్చి కర్ర పొట్టు పిండితే నీరు కారేలా ఉంది. సీతారత్నం దాన్ని ఇంటి నడిమి గదిలో పాత చీరల మీద పరిచింది. రోజూ వేళ్ళతో కలియబెట్టేది. పిడికిట్లో నొక్కి చూసేది. ముద్ద కడితే మళ్ళీ పరిచేది. మంచాలు వసారాలోకి వెళ్ళాయి. భోజనాలు వంటింట్లోనే. "సొంత ఇంట్లో గోడలు పట్టుకుని నడవాల్సి వస్తోంది" అని మాణిక్యమ్మ గొణుక్కునేది. కానీ ఎవరైనా గదిలో కాలు పెడితే అందరికంటే ముందు కేకలు వేసేది ఆవిడే.

పొట్టు ఆరాక దంచడం మొదలైంది. పసుపు మరలో ఆడిస్తే పసుపు అంటుతుంది. అందుకని రోట్లోనే దంచింది. పిండిజల్లెడతో జల్లించి, మిగిలిన నలుసులు మళ్ళీ దంచి, చివర పలచటి నూలు బట్టలో వస్త్రకాయం పట్టింది. దోసెడు పొట్టుకు గుప్పెడు పొడి దిగేది. ఆ పొడిని వేళ్ళ మధ్య నలిపితే విభూతిలా జారిపోయేది. ఒక్కోసారి చెయ్యి ఆగి, ఇక చాలు, పంపేద్దాం అనిపించేది. అప్పుడు దేవుడి గూట్లో చిలక వైపు చూసి మళ్ళీ రోకలి ఎత్తేది.

ఆశ్వయుజం చివరికి సంచి నిండింది. విదియ దగ్గర పడుతోంది. ఇప్పుడు పంపితే పండగ లోపల తమ్ముడికి చేరుతుంది. మనసు కరిగి వస్తాడేమో! విదియనాటికి వాడు ఆకు ముందు కూర్చుంటాడేమో! ఆమెకు ఆ ఊహతోనే కడుపు నిండిపోయేది.

సరిగ్గా అప్పుడే తుఫాను పట్టింది. రెండు రోజులు వాన విడవలేదు. పొడి మీద చుక్క నీరు పడలేదు, కానీ గాలిలోని చెమ్మనంతా అది పీల్చేసుకుంది. మూడోనాడు సైదమ్మ గొడుగు విదిలించుకుంటూ వచ్చింది.

"రేపు పొద్దున్న బస్సుకు కొండపల్లి పోతున్నా. ఇచ్చేదుంటే ఇవ్వు రత్నమ్మా. మళ్ళీ పున్నమి వెళ్తేనే గాని రాను."

సీతారత్నం సంచిలో చెయ్యి పెట్టి పిడికిలి బిగించింది. తెరిస్తే పొడి జారలేదు. ముద్ద కట్టి అరచేతిలో అలాగే నిలబడింది.

"దానికేం, మూకుట్లో వేసి వేయించెయ్. గంటలో ఎండిపోతుంది" అన్నాడు సాంబమూర్తి. అతనికీ బావమరిది రావాలనే ఉంది.

సీతారత్నం పొయ్యి వెలిగించింది. మూకుడు పెట్టి గుప్పెడు పొడి వేసి కలిపింది. చూస్తుండగానే అంచు ఎర్రబడింది. సన్నగా కమురు వాసన లేచింది. ఆమెకు ఊడిపోయిన తొండం కళ్ళముందు ఆడింది. ఆకులో మిగిలిపోయిన ముద్ద కనిపించింది. ఇవ్వకపోతే విదియ దాటిపోతుంది. వాడు రాడు. కార్తీకం కూడా వెళ్ళిపోతే వాడు ఉలి వదిలేస్తాడు. ఇచ్చేస్తే, ఈ పొడితో నూరిన మక్కు వాడి చేతిలో మళ్ళీ విచ్చుకుంటుంది.

ఆమె మూకుడు దించేసింది.

"వద్దు సైదమ్మా. నువ్వు వెళ్ళు. ఇది ఇంకా ఆరలేదు" అంది.

వసారాలో పూలు కడుతున్న మాణిక్యమ్మ తల ఎత్తింది. కోడలి నోట ఆ మాట వినడం ఆవిడకు అదే మొదలు. లేచి వచ్చి, పొడి పరిచే పాత చీర రెండో అంచు పట్టుకుంది. అత్తాకోడళ్ళు పొడిని మళ్ళీ పరిచారు.

విదియ వచ్చింది. సీతారత్నం తలకు పోసుకుని, కందిపచ్చడి చేసి, ఆకు వేసింది. నెయ్యి గిన్నె పక్కన పెట్టింది. పదకొండు గంటల బస్సు వంతెన మీద హారన్ కొట్టింది. దిగినవాళ్ళు గట్టు మీద మాట్లాడుకుంటూ వెళ్ళిపోయారు. ఒంటిగంట బస్సూ వెళ్ళిపోయింది. అన్నం చల్లారింది. అప్పుడామె ఆకు ఎత్తి పక్కింటి ఆవుకు పెట్టి, చెయ్యి తుడుచుకుని, నడిమి గదిలోకి వెళ్ళి పొడిని ఈ చివరినుంచి ఆ చివరిదాకా వేళ్ళతో కలియబెట్టింది. కళ్ళనీళ్ళు పొడిలో పడకుండా ముఖం పక్కకు తిప్పుకుంది.

వాన వెలిసింది. పున్నమి ముందు పొడి వేళ్ళ సందునుంచి జారింది. సాంబమూర్తి తనే సంచి భుజాన వేసుకుని కొండపల్లి వెళ్ళి వచ్చాడు.

"చూశారా వాణ్ణి? చిక్కిపోయాడా? ఏమన్నాడు?"

"ఇంట్లో లేడు రత్నం. కర్ర కోసం అడవికి వెళ్ళాడట. అరుగు మీద పెట్టి వచ్చాను."

అంతకంటే చెప్పడానికేమీ లేదు. కార్తీకం వెళ్ళిపోయింది. సీతారత్నం హారన్ విని లేవడం మానలేదు. కానీ వంతెనదాకా పరిగెత్తేది కాదు. గుమ్మంలో నిలబడి చూసి, లోపలికి వచ్చి పని చేసుకునేది. సంచి ఎలుకలు కొట్టాయో, వాడు మళ్ళీ వెనక్కి పంపుతాడో, ఉలి వదిలేశాడో తెలియదు. తెలియకుండానే రోజూ గుప్పెడు పొడి దంచేది.

మార్గశిరంలో ఒక మామూలు మంగళవారం, దీపం పెట్టే వేళకు, గట్టు మీద ఒక నడక వినిపించింది. సీతారత్నం అగ్గిపుల్ల గీయబోయి ఆగిపోయింది. ఆ నడక ఆమెకు తెలుసు.

భావనారాయణ గుమ్మంలో నిలబడ్డాడు. చేతుల్లో తువ్వాలు కప్పిన బరువేదో ఉంది.

"అక్కా, అలా నిలబడి చూస్తావేంటి? చేతులు లాగుతున్నాయి" అన్నాడు.

తువ్వాలు తీశాడు. అంబారీ ఏనుగు. పాతదే. ఊడిన తొండం మళ్ళీ అతికి ఉంది. వీపు మీది పగులు పూడ్చి ఉంది. చింతగింజల వాసన ఇంకా వస్తోంది.

"నిన్ననే మక్కు మెత్తాను. తడిగా ఉంది. ఎక్కడ పెట్టాలి?"

సీతారత్నం చేతులు వెనక్కి పెట్టుకుంది.

"నువ్వే పెట్టుకోరా. నేను ముట్టుకోను."

"ముట్టుకోకపోతే ఎలా? నీ చేత్తో పెట్టిద్దామనే తడిది మోసుకొచ్చాను. బస్సులో ఎంత తిప్పలు పడ్డానో తెలుసా? కండక్టరు దీనికి కూడా టిక్కెట్టు తియ్యమన్నాడు."

ఆమె రెండు చేతులూ చాపింది. పసిబిడ్డను అందుకున్నట్టు అందుకుని, నడిమి గదిలో, పొడి ఆరిన చోటే, చీర మీద నిలబెట్టింది. కిటికీ రెక్క ఓరగా వేసింది.

"ఆ రోజు తప్పు మక్కుది కాదురా, నాది. నాన్న పేరు కూడా మధ్యలోకి లాగాను" అంది వెనక్కి తిరగకుండానే.

"తెలుసులే అక్కా. ఆ పొడి వేళ్ళ మధ్య నలిపితే నాన్న గది వాసన వచ్చింది. దీనికోసం నువ్వు ఎన్నాళ్ళు ఆగావో అప్పుడే తెలిసిపోయింది. ఉలి ఎక్కడికీ పోలేదు." తువ్వాలు భుజాన వేసుకుని, "ఆ రోజు ముద్ద కలిపి వదిలేసి వెళ్ళాను. అది తిందామని వచ్చాను. విదియ కాదు కదా, పెడతావా?" అన్నాడు.

"తిథి లేకపోతే అన్నం పెట్టదా మా కోడలు!" అని మాణిక్యమ్మ గట్టిగా అని, ఆకు కోయడానికి తనే పెరట్లోకి వెళ్ళింది.

కందిపచ్చడి లేదు. ఉన్నది చారూ, వంకాయ కూరా. భావనారాయణ ముద్ద కలిపాడు. ఈసారి ఏ చప్పుడూ కాలేదు. సీతారత్నం అతని ఎదురుగా కూర్చుని, ముద్ద నోట్లోకి వెళ్ళేదాకా రెప్ప వెయ్యకుండా చూసింది.

మర్నాడు పొద్దున్న మిల్లులో రంపం తిరగలేదు. రంపం తిరిగితే గోడలు అదురుతాయని సాంబమూర్తి మిల్లు తాళం తియ్యలేదు. దగ్గు వస్తే ఆపుకోలేని మాణిక్యమ్మ కాఫీ గ్లాసు పట్టుకుని పక్కింటి అరుగు మీదికి వెళ్ళి కూర్చుంది. భావనారాయణ పొట్టు సంచి మీద తల పెట్టుకుని పొద్దెక్కేదాకా నిద్రపోయాడు. సీతారత్నం తూర్పు కిటికీ రెక్క దగ్గరగా వేసి, ఎండ పొడ ఏనుగు మీద పడకుండా, చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. పనికి వచ్చిన కూలీలు మిల్లు మూసి ఉండటం చూసి, "ఏమైందండీ? ఇంట్లో ఎవరికైనా బాగోలేదా?" అని గుసగుసగా అడిగారు.

"అందరూ బాగున్నారు. మా ఇంట్లో ఏనుగు ఆరుతోంది. రేపు రండి" అన్నాడు సాంబమూర్తి.

ప్రేమకు తొందర ఉండటం సహజమే. కానీ ఆ తొందరను ఆపుకుని, ఆరవలసినంత కాలం ఆగగలిగినవారి చేతుల్లోనే విరిగిన బంధం మళ్ళీ అతుక్కుని నిలుస్తుంది.